ముందు ఆస్తి లెక్క తేల్చు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రేమ, డబ్బు, తండ్రి పెత్తనం ముడిపడిన నవల మొదలుపెడుతున్నానని రాశావు. కలం పట్టేముందు అమెరికన్ నవలాకారుడు హెన్రీ జేమ్స్ 1880లో అచ్చువేసిన ‘వాషింగ్టన్ స్క్వేర్’ రెండుసార్లు చదువు. 35 చిన్న అధ్యాయాలే. మొదటిసారి కథ కోసం చదువు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, డబ్బు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా గీత గియ్యి.

న్యూయార్క్ డాక్టరు స్లోపర్ కూతురు కేథరిన్‌కి తల్లి తరఫున ఏటా 10,000 డాలర్ల రాబడి ఉంది. దాన్ని ఎవరూ ఆపలేరు. తండ్రి పోయాక దానికి దాదాపు రెండింతలు కలుస్తుంది, అదీ ఆయన మెచ్చినవాణ్ణి చేసుకుంటేనే. కథంతా ఈ రెండు మొత్తాల నడుమ ఉన్న సందులోనే నడుస్తుంది. తల్లి సొమ్ము లేకుంటే, ఆమెను చేసుకోవాలని వచ్చిన మోరిస్ టౌన్సెండ్ తండ్రి మొదటి బెదిరింపుకే జారుకునేవాడు. ఆస్తంతా ఆమె చేతిలోనే ఉంటే తండ్రి మాటకు బలమే ఉండేది కాదు. అందుకే నాయికకు పేరు పెట్టకముందే కాగితం మీద రాసుకో: ఆమె సొంతం ఎంత, షరతు మీద వచ్చేది ఎంత, ఆ షరతు ఎవరి చేతిలో ఉంది. ఈ అంకెలు మొదట్లోనే పాఠకుడికి తెలియాలి. ఆలస్యమైతే ప్రేమికుడు ఎందుకు తటపటాయిస్తున్నాడో అంతుపట్టదు.

కొత్తగా రాసేవాళ్లు తండ్రిని దుర్మార్గుణ్ణి చేసేస్తారు. అక్కడే నవల చచ్చిపోతుంది. స్లోపర్ అనుమానం నిజమే. ఆయన మోరిస్ సోదరి ఇంటికే వెళ్లి ఆరా తీస్తే, ఈ పెళ్లి జరగనివ్వొద్దని ఆవిడే అంటుంది. ఆయన సరిగ్గానే కనిపెట్టాడు, కానీ కూతురు పడే బాధను వింత చూసినట్టు చూశాడు. మనల్ని కలచివేసేది అదే.

ఒక విందుకు కేథరిన్ బంగారు కుచ్చులంచు ఉన్న ఎర్ర శాటిన్ గౌను వేసుకొస్తుంది. ఎన్నేళ్లుగానో లోలోపల ముచ్చటపడ్డ గౌను. ఏటా 80,000 డాలర్ల రాబడి ఉన్నదానిలా కనిపిస్తున్నావంటాడు తండ్రి. కేక లేదు, తిట్టు లేదు. పిల్ల ముచ్చట ఆ అంకె కింద నలిగిపోయింది. నీ రాతప్రతిలో ‘నా మాట కాదంటే చిల్లిగవ్వ ఇవ్వను’ లాంటి బెదిరింపు ఒక్కసారి చాలు. మిగతావి కొట్టేసి, ఆ చోట్ల ఇలాంటి మాట పెట్టు.

కేథరిన్ మేనత్త మిసెస్ పెన్నిమన్‌లా మధ్యలో దూరే మనిషి కూడా ఒకరుండాలి. ప్రేమికులే అన్నీ నడుపుకుంటే ఇల్లు కథలోకి రాదు.

ముగింపులో రాజీ కుదర్చాలని ఆత్రపడకు. ఏళ్లు గడిచాక, తాను పోయినా మోరిస్‌ని చేసుకోనని మాటివ్వమంటాడు కేథరిన్‌ని ముసలి తండ్రి. ఆమెకు చేసుకునే ఉద్దేశం లేదు. అయినా మాటివ్వదు, కారణమూ చెప్పదు. వీలునామాలో ఆమె వాటా ఐదో వంతుకు పడిపోతుంది. అంతకాలం ఆమెను ఆడించిన డబ్బు అక్కడ ఓడిపోతుంది. నీ నాయిక కూడా ఒక్కచోటైనా నష్టం తెలిసే కాదనాలి. ఆ చోటు ఏదో ఇప్పుడే తేల్చుకుని, వెనక్కి కట్టుకుంటూ రా.

అధ్యాయాలు తర్వాత చూస్తాను. ముందు ఆ లెక్కల కాగితం పంపు.