మేనేజర్ గొంతు పెంచితే చేతులు వణుకుతున్నాయి... ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. మా నాన్న రోజూ తాగి వచ్చి అమ్మను కొట్టేవారు. ఆయన బండి స్టాండు వేసే చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలిసిపోయేది; తమ్ముడిని తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయేదాన్ని. మేనమామ ఫీజు కట్టి బీటెక్ చదివించారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. నాలుగేళ్లలో మూడు కంపెనీలు మానేశాను. మేనేజర్ గొంతు పెంచితే చేతులు వణుకుతాయి, మాట రాదు. ఇదంతా వదిలేసి మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లలకు టీచర్‌గా వెళ్లాలనిపిస్తోంది. నా బాల్యమే నన్నిలా చేసిందా? దారి మార్చుకోవచ్చా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: బండి స్టాండు చప్పుడు గురించి మీరు రాసిన వాక్యంలోనే సగం సమాధానం ఉంది. తమ్ముడిని కాపాడుకోవడానికి ఆనాడు మీ శరీరం ప్రమాదాన్ని చెవులతోనే ముందుగా పసిగట్టడం నేర్చుకుంది. అలాంటి ఇళ్లలో పెరిగిన పిల్లలకు మెదడులో భయాన్ని గుర్తించే అమిగ్డాలా చిన్న అలికిడికే మేల్కొనేలా అలవాటు పడుతుంది కాబట్టి, ఎదుటి మనిషి తండ్రి కాదని తెలిసినా చేతులు ముందే వణికిపోతాయి. ఇది మీ అసమర్థత కాదు. అయితే థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా వణుకు, గుండె దడ వస్తాయి కనుక ఒకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి.

బాల్యం ప్రభావం నిజమే గానీ అది తలరాత కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మద్యపానం వంటి కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడో వంతు మంది స్థిరమైన, బాధ్యత గల పెద్దవాళ్లయ్యారు. అలా నిలదొక్కుకున్నవారి జీవితాల్లో అండగా నిలిచిన పెద్ద మనిషి ఒక్కరైనా ఉన్నారని ఆమె గుర్తించారు. మీకు మేనమామ ఉన్నారు. యౌవనంలో తడబడినవారిలో కూడా చాలామంది ముప్పై, నలభై ఏళ్ల వయసుకు మళ్లీ చదువుతోనో, మంచి తోడుతోనో కుదుటపడ్డారు.

ఇక దారి మార్చుకోవచ్చు. కానీ రాజీనామా ఇప్పుడే ఇవ్వకండి. మీరు మూడు ఉద్యోగాలూ పని నచ్చక మానేశారా, మనిషికి భయపడి మానేశారా అన్నది ముందు తేలాలి. ఒక నోటు పుస్తకంలో ఒక్కో ఉద్యోగం మానేయడానికి ముందు వారంలో ఏం జరిగిందో, ఏ పని చేస్తున్నప్పుడు గంటలు తెలియకుండా గడిచాయో రాయండి. ప్రతిసారీ ఎవరో ఒకరి గొంతే కారణమని తేలితే, ఆ భయం మీతో పాటు బడికి కూడా వస్తుంది. అక్కడా కేకలు వేసే హెడ్‌మాస్టరు ఉండవచ్చు, కోపిష్టి తండ్రి రావచ్చు, పిల్లలు కూడా ఒక్కోసారి అరుస్తారు, కొడతారు.

మరో మాట చెప్పడానికి కాస్త సంకోచిస్తున్నాను, అయినా చెప్పాలి. పదేళ్ల వయసులోనే తమ్ముడికి తల్లిలా మారిన ఆడపిల్లలకు ఇతరులను ఆదుకోవడం ఒక్కోసారి ఇష్టమో, పాత బాధ్యతో తమకే తెలియదు. అందుకే రెండు మూడు నెలలు శనివారాలు ఏదైనా స్పెషల్ స్కూల్‌లో స్వచ్ఛందంగా పనిచేసి చూడండి. ఇంటికి వచ్చాక ఒళ్లు అలసినా మనసు తేలికగా ఉంటే ఆ పని మీదే. ప్రతి పిల్లవాడినీ మీరే కాపాడాలన్న బరువుతో నిద్ర పట్టకపోతే కొంత ఆగండి. ఆ తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న స్పెషల్ ఎడ్యుకేషన్ బీఈడీలో చేరవచ్చు. మానసిక ఎదుగుదల లోపం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో కోర్సుల వివరాలు కనుక్కోండి. జీతం ఇప్పటికంటే బాగా తగ్గే అవకాశం ఉంది కనుక కనీసం ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోండి.

ఈలోగా చికిత్స మొదలుపెట్టండి. ఇలాంటి భయానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), అవసరమైతే మందులు బాగా పనిచేస్తాయి. వెంటనే సైకియాట్రిస్టును కలవలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు.

రేపు మేనేజర్ మళ్లీ గొంతు పెంచినప్పుడు రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి, ఊపిరిని నెమ్మదిగా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. మాట రాకపోతే ఒక్క వాక్యం ముందే సిద్ధం చేసి పెట్టుకోండి: “రాసుకున్నాను సార్, అరగంటలో మెయిల్ పెడతాను.”