సాలీడు భయం పోవాలని సాలీడును కొనకండి, ముందు కిటికీ దగ్గర కూర్చోండి

గోడ మీద సాలీడు కనిపిస్తే గదిలోంచి పారిపోతానని, టరాంటులా అనే పెద్ద సాలీడును పెంచుకుంటే ఆ భయం పోతుందా అని అడిగారు. పోవచ్చు, కానీ వరుస మార్చండి. ముందు భయం సగమైనా తగ్గాలి, పెంపకం ఆ తర్వాతే. వణికే చేతుల వల్ల ప్రమాదం మీకన్నా దానికే ఎక్కువ. టరాంటులా పొట్ట చాలా సున్నితం. మీరు ఉలిక్కిపడి చెయ్యి విదిలిస్తే, అది కింద పడి పొట్ట పగిలి చనిపోవచ్చు.

నాకు చిన్నప్పటినుంచీ ఇదే భయం. సాలీడును చూసిన గదిలో ఆ రాత్రి పడుకునేదాన్ని కాదు. అది ఎప్పుడు, ఎటు కదులుతుందో తెలియకపోవడమే నన్ను ఎక్కువగా భయపెట్టేదని చాలా ఆలస్యంగా గ్రహించాను.

మార్పు ఒక గెంతే సాలీడుతో మొదలైంది. అది కిటికీ అద్దానికి అవతల ఉండేది, నేను ఇవతల. మొదట గది చివర కూర్చుని చూసేదాన్ని. రోజూ కుర్చీని కొంచెం ముందుకు జరిపాను. ఈ జాతికి ఎనిమిది కళ్లలో ముందున్న రెండు చాలా పెద్దవి, చూపు చురుకైనది. నేను కదిలితే అది నావైపు తిరిగి చూసేది. గెంతే ముందు ఉన్నచోట ఒక దారం అతికిస్తుంది, పట్టు తప్పినా ఆ దారమే ఆపుతుంది. కొన్నాళ్లకు అది సిద్ధమయ్యే తీరు పట్టుబడింది. ఇప్పుడు గెంతుతుంది అనుకున్నాను, గెంతింది. ఆ క్షణంలో భయం పట్టు సడలడం నాకు స్పష్టంగా తెలిసింది.

మానసిక నిపుణులు చేయించేది కూడా ఇలాంటిదే: భయపెట్టే దాన్ని మెట్టుమెట్టుగా, మీ అంగీకారంతో దగ్గర చేయడం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1989లో, గరిష్ఠంగా మూడు గంటలు సాగే ఒకే విడత చికిత్సను వివరించారు. భయం మీ రోజువారీ పనులకే అడ్డుపడుతుంటే ఒంటరిగా ప్రయత్నించకండి, నిపుణుల సాయం తీసుకోండి.

పెంచాలనుకుంటే గెంతే సాలీడుతోనే మొదలుపెట్టండి. ఏడాది, కాస్త అటూ ఇటుగా బతుకుతుంది. టరాంటులా అలా కాదు, కొన్ని జాతుల్లో ఆడవి ఇరవై ఏళ్లు దాటి బతుకుతాయి. అంతకాలం చూసుకోగలరా అని నిజాయితీగా ఆలోచించుకోండి.

నా టరాంటులా మొదటిసారి కుబుసం విడిచిన రాత్రి మరిచిపోలేను. వెల్లకిలా పడి ఉంది. చనిపోయిందనుకున్నాను. కానీ సాలీడు కాళ్లు చాచేది ఒంట్లోని ద్రవం ఒత్తిడితో, చనిపోతే ఆ ఒత్తిడి పోయి కాళ్లు సాధారణంగా లోపలికి ముడుచుకుంటాయి. దీని కాళ్లు చాచే ఉన్నాయి. పెట్టెలో మేతగా వేయగా మిగిలిన కీచురాయిని మెల్లగా తీసేశాను, ఆ స్థితిలో అది సాలీడునే కొరికేయగలదు. ఇంకేమీ ముట్టుకోలేదు. గంటల తరబడి ఒక్కొక్క కాలూ పాత తొడుగులోంచి బయటికి వచ్చింది. కోరలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. అవి నల్లబడి గట్టిపడే దాకా ఆహారం పెట్టకూడదు. రాత్రంతా ఆ పెట్టెకు ముఖం ఆనించి కూర్చున్నానని తెల్లవారాకే గుర్తొచ్చింది.

దాన్ని నేను చేతిలోకి తీసుకోను. దానికి ఆ అవసరం లేదు. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి పొట్ట మీద దురద పుట్టించే నూగు ఉంటుంది. కాళ్లతో రాల్చి విసురుతాయి, కంట్లో పడితే ప్రమాదం. ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ నూగు లేదు కానీ వేగం, విషం ఎక్కువ, కొత్తవారికి వద్దు. అడవిలో పట్టిన దాన్ని ఎప్పుడూ కొనకండి. మెక్సికో ఎర్ర మోకాలి టరాంటులా వ్యాపారాన్ని నియంత్రించడానికి 1985లోనే దాన్ని సైటీస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) జాబితాలో చేర్చాల్సి వచ్చింది. పెంపకంలో పుట్టినదేనా, మీరున్న చోట చట్టం అనుమతిస్తుందా అని ముందే కనుక్కోండి.

ఇప్పటికీ గోడ మీద హఠాత్తుగా సాలీడు పరుగెత్తితే నా గుండె ఒక్కసారి అదురుతుంది. అప్పుడు దాని మీద గ్లాసు బోర్లించి, కిందనుంచి కాగితం తోసి, బయట చెట్టు దగ్గర వదిలి వస్తాను.