నెలసరి కోసం కలబంద రసం తాగొచ్చా?

ప్రశ్న: నా వయసు 28. పెళ్లయి ఏడాదిన్నర అయింది. అప్పటి నుంచీ పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నాకు మొదటినుంచీ నెలసరి సరిగా రాదు. ఒక్కోసారి 40 రోజులకు, ఒక్కోసారి రెండు నెలలకు వస్తుంది. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. గడ్డం కింద వెంట్రుకలు కూడా వస్తున్నాయి. పెరట్లో ఉన్న కలబంద రసం రోజూ పరగడుపున తాగితే పీరియడ్స్ సక్రమంగా వస్తాయని, గర్భసంచి శుభ్రపడుతుందని మా అత్తయ్య చెప్పారు. మట్ట కోసి, ముళ్లు తీసేసి, తొక్కతో సహా మిక్సీలో వేసి పది రోజులుగా తాగుతున్నాను. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తోంది, రోజుకు మూడు నాలుగుసార్లు విరేచనాలు అవుతున్నాయి. ఒంట్లో వేడి పోతోంది, మానొద్దని అంటున్నారు. ఈసారి 52 రోజులైనా నెలసరి రాలేదు. ఇంకా తాగాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, ఈరోజే ఆపేయండి. రేపు పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. మీరు రాసిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది ఆ 52 రోజుల మాటే. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మనిషికి నెలసరి ఆగిందంటే మొదట చూడాల్సింది గర్భం వచ్చిందేమో అని. మీకు నెలసరి ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి ఆ అనుమానం ఎవరికీ వచ్చినట్టు లేదు.

టెస్ట్ పాజిటివ్ వస్తే భయపడిపోకండి. పది రోజులు తాగినంత మాత్రాన బిడ్డకు ఏదో అయిపోయిందని అనుకోనక్కర్లేదు. డాక్టరును కలిసి, రసం తాగిన సంగతి దాచకుండా చెప్పి, స్కాన్ చేయించుకోండి. నెగిటివ్ వస్తే వారం తర్వాత మళ్లీ చూడండి. నెలసరి క్రమం లేనివాళ్లలో అండం విడుదల ఆలస్యం కావచ్చు, మొదటి టెస్టులో గర్భం తెలియకపోవచ్చు. ఈలోగా పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం దగ్గర నొప్పి, రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచినప్పుడు ఇలా జరగవచ్చు.

ఇక కలబంద సంగతి. మట్టను మొదట్లో కోసి కాసేపు నిలబెట్టి చూడండి. కోసిన చోట, పచ్చని తొక్క అంచు వెంబడి పసుపు రంగు పసరు బొట్లుబొట్లుగా కారుతుంది. వేలికి అంటితే చేదు ఒక పట్టాన వదలదు, ఆరితే గోధుమ రంగుకు తిరుగుతుంది. మధ్యలో ఉండే గాజులాంటి గుజ్జు వేరు, తొక్కను అంటిపెట్టుకుని ఉండే ఈ పసరు వేరు. గుజ్జులో దాదాపు 99 శాతం నీరే, మిగతాది చాలావరకు జిగురు పదార్థాలు. పసరులో అలోయిన్ అనే ఘాటైన విరేచనకారి ఉంటుంది. మీరు తొక్కతో సహా మిక్సీ వేశారు కాబట్టి పది రోజులూ గుజ్జుతో పాటు ఆ పసరునూ తాగారు.

మీ అత్తయ్యగారు లేనిపోనిది చెప్పలేదు. ఆయుర్వేదంలో కుమారి పేరుతో ఈ మొక్కకు స్త్రీల వైద్యంలో పాత స్థానమే ఉంది. పసరును ఎండబెడితే వచ్చే నల్లటి గడ్డనే ముసాంబరం అంటారు. ఆగిన నెలసరిని రప్పించడానికి ఇచ్చే రజఃప్రవర్తనీ వటిలో ఇంగువ, వెలిగారం, అన్నభేదితో పాటు ఇదీ ఉంటుంది. అయితే ఆ మాత్రను గర్భం లేదని తేల్చుకున్నాకే, కొలిచిన మోతాదులో, కొద్ది రోజులు మాత్రమే వైద్యులు ఇస్తారు. నెలసరి మొదలైతే ఆపేస్తారు. ఇళ్లలో మొక్క పేరు, దాని గుణం గుర్తుండిపోయాయి, ఆ జాగ్రత్తలు మాత్రం చెప్పేవాళ్లు లేక పోయాయి. సంప్రదాయం మీద గౌరవం ఉన్నవాళ్లే ఆ జాగ్రత్తలను ఇంకా గట్టిగా పట్టుకోవాలని నా అభిప్రాయం.

అలోయిన్ నోట్లోంచి దిగగానే పని చేయదు. పెద్దపేగు దాకా వెళ్లాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని మారుస్తుంది. అలా మారిన పదార్థం పేగు గోడను రెచ్చగొడుతుంది. పేగు బిగుసుకుంటుంది, నీటిని వదులుతుంది. అందుకే తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మెలిపెట్టడం మొదలవుతుంది. పొత్తికడుపులో రక్తప్రసరణ పెరిగి, ఆ కదలిక పక్కనే ఉన్న గర్భసంచికీ తగులుతుందని, నెలసరి రావడానికి కారణం ఇదేనని వివరిస్తారు. గర్భిణులు దీన్ని లోపలికి తీసుకోకూడదనడానికి కారణమూ అదే. పాలిచ్చే తల్లులకూ వద్దు, బిడ్డకు విరేచనాలు పట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ మొక్కలపై 1999లో తెచ్చిన గ్రంథంలో ఈ హెచ్చరికలు ఉన్నాయి.

కాబట్టి మీకు అవుతున్నది వేడి పోవడం కాదు. నీరు, పొటాషియం పోతున్నాయి. పొటాషియం తగ్గితే కాళ్లు పీకుతాయి, నీరసం వస్తుంది, గుండె దడ కూడా రావచ్చు. ఓఆర్‌ఎస్ తాగండి. రసం ఆపిన రెండు మూడు రోజులకు కూడా విరేచనాలు తగ్గకపోయినా, గుండె దడగా అనిపించినా రక్తపరీక్ష చేయించుకోవాలి. షుగర్ మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు, డిగాక్సిన్ లాంటి గుండె మందులు వాడేవాళ్లకు ఈ రసంతో ప్రమాదం ఇంకా ఎక్కువ. దీర్ఘకాలం వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అమెరికాలో 2002లో డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లోంచి కలబందను తీసేయించారు. శుద్ధి చేయని మొత్తం మట్ట రసాన్ని క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ, మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న పదార్థాల వర్గంలో చేర్చింది. ఆ రసం కలిపిన నీళ్లు తాగించిన ఎలుకల్లో పెద్దపేగు కణుతులు వచ్చాయి. పది రోజులకే మీకు అలా అవుతుందని కాదు, నెలల తరబడి తాగే పానీయం మాత్రం ఇది కాదు.

గర్భసంచి శుభ్రం కావడం అనే మాట చాలామంది అడుగుతారు. నెలసరి వచ్చిన ప్రతిసారీ గర్భసంచి లోపలి పొర తనంతట తానే రాలిపోతుంది. దానికి మందు అక్కర్లేదు. మీకు కావాల్సింది నెలసరి ఎందుకు ఆలస్యమవుతోందో తెలుసుకోవడం.

పెరట్లో మొక్కను మాత్రం పీకేయకండి. పసరు పూర్తిగా కారిపోయాక, తొక్క లోతుగా చెక్కి తీసిన గుజ్జు చర్మానికి మంచిదే. ఎండకు కమిలిన చోట, చిన్నపాటి కాలిన గాయాలకు హాయినిస్తుంది. రేపు మీరు తల్లయ్యాక చనుమొనలు పగిలితే పలచగా రాసుకోవచ్చు, కానీ పాలిచ్చే ముందు తడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. ఆ చేదు బిడ్డ నోట్లోకి వెళ్లకూడదు. యోనిలో పొడిబారినట్టు, దురదగా ఉందని ఇంట్లో తీసిన గుజ్జును లోపల పెట్టుకోవడం మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. నెలసరి క్రమం తప్పడం, గడ్డం కింద వెంట్రుకలు, ఎత్తుకు మించిన బరువు, ఈ మూడూ కలిస్తే నాకు మొదట పీసీఓఎస్ అనుమానం వస్తుంది, అంటే హార్మోన్ల తేడాతో అండాశయాల పని దెబ్బతినే సమస్య. ఈ సమస్య ఉన్నవాళ్లలో అండం నెలనెలా విడుదల కాదు. అండం విడుదల కాకపోతే నెలసరి కూడా వేళకు రాదు. పేగును ఎంత రెచ్చగొట్టినా అండాశయంలోని ఆ లోపం సరికాదు. ఒకవేళ రసంతో రక్తం కనిపించినా అండం విడుదలైందని అర్థం కాదు. పీసీఓఎస్ అని ఖాయం చేసే ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పరీక్షలతో ఆ రెండు కారణాలూ లేవని తేల్చుకోవాలి. పొట్ట స్కాన్, షుగర్ పరీక్ష కూడా అవసరం. గర్భం లేదని తేలాక డాక్టరు కొన్ని రోజుల ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ మాత్రలతో నెలసరి రప్పిస్తారు. మూడు నెలలు దాటినా నెలసరి రాని పరిస్థితిని ఎప్పుడూ వదిలేయకండి, లోపలి పొర మందంగా పేరుకుపోతుంది.

బరువు గురించి చెబితే బాధపడతారేమోనని చాలామంది డాక్టర్లు మొహమాటపడతారు. కానీ ఇక్కడ కొద్దిగా తగ్గినా ఫలితం ఉంటుంది. 5 నుంచి 10 శాతం, అంటే మీ విషయంలో నాలుగు నుంచి ఏడు కిలోలు తగ్గితే చాలామందిలో అండం విడుదల మెరుగవుతుంది. రోజూ అరగంట చురుగ్గా నడవండి, తీపి పానీయాలు మానేయండి. దాంతో కుదరకపోతే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఉన్నాయి. పీసీఓఎస్‌లో గర్భం కోసం ఇప్పుడు మొదట ఇచ్చే మందు అదే.

ఇంకో మాట. ఏడాదిన్నరగా ప్రయత్నిస్తున్నామన్నారు. ఏడాది దాటితే ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి. ఈ చేదు రసాలన్నీ ఆడవాళ్ల చేతే తాగిస్తారు గానీ, పిల్లలు కలగని జంటల్లో కారణం మగవారి వైపు ఉండడమూ మామూలే. మీవారికి వీర్యపరీక్ష ఇప్పుడే చేయించండి. ఖర్చు తక్కువ, నొప్పి ఉండదు, అది చూడకుండా మీకు మందులు మొదలుపెట్టడం సరికాదు. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి, వీలైతే గత ఆరు నెలల నెలసరి తేదీలు రాసుకుని తీసుకెళ్లండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు కావాలి. మీ బరువును బట్టి మోతాదు పెంచాలో లేదో ఆ డాక్టరు చెబుతారు.