చికాగో చలిలో కిటికీ దగ్గర కొత్తిమీర

కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు సర్దుకోగానే అడుగుతారు, "అక్కా, కుండీలో కరివేపాకు బతుకుతుందా?" అని. బతుకుతుంది. కానీ మొదటి చలికాలం దాని జోలికి వెళ్లకండి. మెంతికూర, కొత్తిమీరతో మొదలుపెట్టండి.

ఇక్కడ ఇంట్లో మొక్కలు నీళ్లు చాలక కాదు, వెలుగు చాలక పోతాయి. డిసెంబరులో హైదరాబాదులో పగలు 11 గంటలుంటే చికాగోలో 9 గంటలే. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణాన 25 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. అందుకే దక్షిణపు కిటికీలోంచి ఎండ గది మధ్యదాకా వస్తుంది, ఉత్తరపు కిటికీకి చలికాలమంతా నేరుగా ఎండే తగలదు. లీజు మీద సంతకం పెట్టేముందే ఫోన్‌లో కంపాస్ తీసి కిటికీ ఏ దిక్కుకుందో చూడండి. దక్షిణం దొరక్కపోతే మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు, ఒక టైమరు కొనండి. మొక్కలకి ఆరంగుళాల ఎత్తులో కట్టి రోజుకి 14 గంటలు వెలగనివ్వండి. మొలకలు సన్నగా సాగి పక్కకి వాలిపోతుంటే వెలుగు తక్కువైందని అర్థం. అప్పుడు పాపం దాహమేమోనని నీళ్లు పోస్తే కుళ్లిపోతాయి.

మెంతికూరకి వంటింట్లోని మెంతులే చాలు. రాత్రి నానబెట్టి, అడుగున చిల్లులున్న ట్రేలో దగ్గరదగ్గరగా చల్లి, పైన పల్చగా పాటింగ్ మిక్స్ (కుండీల కోసం అమ్మే తేలికైన మిశ్రమం) కప్పండి. మూడునాలుగు రోజుల్లో మొలుస్తాయి. రెండుమూడు వారాల్లో కత్తెరతో కోసి పప్పులో వేసుకోవచ్చు. కోసినచోట మళ్లీ గుబురుగా రాదు కాబట్టి వారానికో ట్రే చల్లుతూ ఉండండి.

కొత్తిమీరకి ఓపిక కావాలి. ఒక్కో ధనియంలో రెండు విత్తులుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తే అవి విడిపోతాయి, పిండి కాకూడదు. రాత్రంతా నానబెట్టి, కనీసం ఆరేడంగుళాల లోతున్న కుండీలో అరంగుళం లోపల విత్తండి. మొలవడానికి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. చాలామంది ఈలోపే విసిగి మట్టి తవ్వేస్తారు, అలా చేయకండి. తల్లివేరు లోతుగా దిగుతుంది, కాబట్టి మొలిచాక వేరే కుండీలోకి మార్చకండి. కొత్తిమీర చల్లదనాన్ని ఇష్టపడుతుంది, వేడెక్కితే త్వరగా పూతకొస్తుంది. ఈ ఊరి చలి దానికి మేలే చేస్తుంది. అయితే కిటికీ కింద హీటర్ గాలి వచ్చే జాలీ ఉంటే కుండీని పక్కకి జరపండి.

పుదీనా సులువు. ఇండియన్ స్టోర్‌లో కట్ట కొని, గట్టి కాడలు రెండు తీసి నీళ్ల గ్లాసులో పెడితే వేళ్లొస్తాయి. దానికి సొంత కుండీ ఇవ్వండి, పక్కవాటిని బతకనివ్వదు. లెట్యూస్ విత్తనాన్ని లోతుగా పూడ్చకండి, పైపైన చల్లితే చాలు. బయటి ఆకులు కోసుకుంటూ పోతే లోపలినుంచి కొత్తవి వస్తుంటాయి. గోంగూర, తోటకూర వేడి కోరుకునేవి, వాటికి మే చివరిదాకా ఆగండి.

కుండీలోకి బయటి మట్టి తేకండి, గట్టిపడి నీరు దిగదు. పైన వేలు పెట్టి చూసి, తడి ఆరాకే నీళ్లు పోయండి. ఎప్పుడూ తడిగా ఉంచితే చిన్న నల్ల ఈగలు లేస్తాయి. కింద పళ్లెం తప్పనిసరి, లేకపోతే చెక్క మీద మరకలు పడి డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది.

ఇక కరివేపాకు. ఊరినుంచి మొక్కగానీ కొమ్మగానీ సూట్‌కేసులో తేవద్దు, అమ్మ ఎంత ప్రేమగా కట్టిచ్చినా సరే. నిమ్మ, నారింజ తోటల్ని చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడింది, అక్కడి నారింజ రైతులు ఇప్పటికీ తేరుకోలేదు. మొక్కల్నీ విత్తనాల్నీ కస్టమ్స్‌లో చెప్పకుండా దాస్తే జరిమానా కూడా పడుతుంది. లైసెన్సున్న నర్సరీలో, వేసవి మొదట్లో కొనండి. మొక్క తన మొదటి చలికాలంలో ఆకులు రాలిస్తే కంగారుపడి పారేయకండి. కాండాన్ని గోరుతో కాస్త గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. నీళ్లు బాగా తగ్గించి మార్చిదాకా దక్షిణపు కిటికీ దగ్గరే ఉంచండి.