అమ్మమ్మ రాకముందే చూసుకోవాల్సినవి

చిన్నీ,

అమ్మమ్మను నీ దగ్గరికి తెచ్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత గుబులూ పట్టుకుంది. ఎనభై రెండేళ్ల మనిషి, అరిగిన మోకాళ్లు, మీ ఫ్లాటులో నున్నటి టైల్స్.

కాళ్లకడ్డమొచ్చే పట్టాలు, వైర్లు తీసేయ్. మంచం ఆమె మోకాలి ఎత్తుకి తగ్గకూడదు. చెప్పులకు మడమ వెనక పట్టీ ఉండాలి.

నా భయమంతా బాత్రూమ్ గురించే. జారితే చేతికందిన టవల్ రాడ్డే పట్టుకుంటుంది. తువ్వాలు బరువుకి వేసిన స్క్రూలు మనిషిని ఆపవు, ఊడొస్తాయి. అంగుళన్నర మందం స్టీలు కమ్మీలు కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి గోడలోకి యాంకర్ బోల్టులతో దింపించు. గాలి పీల్చి టైలుకి అతుక్కునేవి వద్దే వద్దు. బిగించాక నీ బరువంతా వేసి లాగి చూడు. గడియ బయటినుంచి కూడా తీయగలిగేలా ఉండాలి.

తాతయ్య విషయంలో ఇంట్లో అందరం చేసిన తప్పు మాత్రం నువ్వు చెయ్యకు. కుర్చీలోంచి లేపాలంటే చంకల కింద చేతులేసి పైకి లాగేవాళ్లం. ఆయన భుజం నొప్పి అక్కడే మొదలైంది. పైగా మనం లాగుతుంటే తొడలకు పని ఉండదు, కొన్నాళ్లకు వాటిలో బలమే పోతుంది. అమ్మమ్మ తనంతట తనే లేవాలి. ముందు కుర్చీ అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి పెట్టాలి. చేతులు కుర్చీ చేతుల మీద ఆనించి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి, అప్పుడు నొక్కి లేవాలి. నువ్వు నొప్పెక్కువున్న కాలి పక్కన నిలబడి, నడుం వెనక చెయ్యి ఉంచు చాలు. నిదానంగా లేస్తుంది, నువ్వు తొందరపడకు తల్లీ.

చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి. చెప్పులతో నిటారుగా నిలబెట్టి, వేలాడేసిన చేతి మణికట్టు మడత దగ్గరికి దాని ఎత్తు సరిచెయ్యి. కింది రబ్బరు అరిగితే వెంటనే మార్చు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పికాలూ ముందు.

రాత్రి లేచినప్పుడు రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోమను. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. దారిలో చిన్న లైటు వెలుగుతూనే ఉండనీ. ఒకవేళ పడి, కాలు కదపలేకపోతే లేపే ప్రయత్నం చెయ్యకు. దుప్పటి కప్పి 108కి ఫోన్ చెయ్యి.

పని మాత్రం మాన్పించకు. వంటింట్లో చేతులున్న కుర్చీ వేసి, గోరుచిక్కుళ్ల ఈనెలు తియ్యమని ఇవ్వు. గిన్నె కొంచెం దూరంగా గట్టు మీద పెట్టు, లేచి తెచ్చుకుంటుంది.

మీ పెద్దమ్మ