పోర్ఫిరీ అంటే రాయా, రంగా, రాతి అమరికా?

ఒకే పేరు రాయికీ, రాగి గనులకూ, బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి బిరుదుకూ ఎలా వచ్చిందన్నది ప్రశ్న. మూలం గ్రీకు మాట 'పోర్ఫిరా'. అది సముద్రపు నత్తల నుంచి తీసే ఊదా రంగుకు పేరు.

ఈజిప్టు తూర్పు ఎడారిలోని మోన్స్ పోర్ఫిరిటెస్ అనే కొండల్లో దొరికే, ఆ రంగు వల్లనే పోర్ఫిరీ అని పేరు పొందిన ముదురు ఊదా రాతిని క్రీ.శ. 1వ శతాబ్దం నుంచి రోమన్లు తవ్వి, చక్రవర్తుల విగ్రహాలకూ శవపేటికలకూ వాడారు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి మూలన కౌగిలించుకుని నిలబడిన నలుగురు పాలకుల శిల్పం ఆ రాతిదే. దగ్గరికి వెళ్లి చూస్తే ఊదా నేలలో బియ్యపు నూకల్లా ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు తెల్లని పలుకులు కనిపిస్తాయి.

భూగర్భ శాస్త్రం పట్టుకున్నది ఆ పలుకులనే, రంగును కాదు. శిలాద్రవం లోతున నిదానంగా చల్లారినప్పుడు పెద్ద స్ఫటికాలు పెరుగుతాయి. ఆ తరువాత అది పైకి వచ్చి త్వరగా గడ్డకడితే మిగిలినదంతా సన్నని ముద్దగా మారి వాటిని పొదువుకుంటుంది. ఇలాంటి అమరిక ఉన్న అగ్నిశిల బూడిద రంగులో ఉన్నా, పచ్చగా ఉన్నా పోర్ఫిరీయే, పేరుకు విరుద్ధంగా తోచినా సరే.

చిలీలోని చుకికమాటా వంటి పోర్ఫిరీ రాగి నిక్షేపాలకు ఆ పేరు ఇలాంటి శిలలతో ఉన్న సంబంధం వల్లనే వచ్చింది. బైజాంటైన్ చక్రవర్తి ఏడవ కాన్‌స్టాంటైన్ బిరుదైన 'పోర్ఫిరోజెనిటస్'కు ఊదా గదిలో పుట్టినవాడని అర్థం. పోర్ఫిరియా వ్యాధి పేరు కూడా రంగు నుంచే వచ్చింది, రాతి నుంచి కాదు.