2 శాతం వాటా చివరిదాకా 2 శాతంగానే ఉంటుందా?

సోలార్ స్టార్టప్‌లో ఈక్విటీ క్రౌడ్‌ఫండింగ్ (చాలామంది తలా కొంత డబ్బు పెట్టి కంపెనీ షేర్లు తీసుకోవడం) ద్వారా 2 శాతం కొంటే, కంపెనీ అమ్ముడుపోయిన రోజు 2 శాతం డబ్బు చేతికొస్తుందా అని అడిగారు కదండీ. చాలావరకు రాదు.

తర్వాతి రౌండ్‌లో, అంటే కంపెనీ మళ్లీ పెట్టుబడి సేకరించినప్పుడు, కొత్త షేర్లు జారీ చేసి 20 శాతం వేరేవాళ్లకు ఇస్తే మీ 2 శాతం 1.6 అవుతుంది. అలాంటిదే ఇంకో రౌండ్ జరిగితే 1.28. గ్రీన్ ఎనర్జీలో ప్లాంట్లకే బోలెడు డబ్బు కావాలి, కాబట్టి రౌండ్లు ఎక్కువే. విలువ పెరుగుతుంటే ఇది నష్టమేం కాదు, దానికి టెన్షన్ వద్దు.

నన్నడిగితే అసలు చూడాల్సింది లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే కంపెనీ అమ్ముడైతే కొందరు ఇన్వెస్టర్లు తమ డబ్బు ముందు తీసుకునేలా ఒప్పందంలో పెట్టుకునే క్లాజు. పెద్ద ఇన్వెస్టర్లు 10 కోట్లు పెట్టి, కంపెనీ 8 కోట్లకే అమ్ముడైతే, ఆ క్లాజు ఉన్నవాళ్లు మొత్తం పట్టుకుపోతారు. మామూలు షేర్లున్న మీకు సున్నా. ఈ సంగతి ప్రచార వీడియోలో చెప్పరు, షేర్‌హోల్డర్ల ఒప్పందంలో ఉంటుంది.

షేర్లు మీ పేరు మీదా, నామినీ (ఇక్కడ వారసులు కాదు, మీ తరఫున షేర్లు తన పేరున ఉంచుకునే సంస్థ) పేరు మీదా అన్నదీ అడగండి. నామినీ అయితే ఓటు హక్కు సాధారణంగా మీ చేతిలో ఉండదు. ఇదే పద్ధతిలో భవనాల మీద డబ్బు పెట్టే ప్రాపర్టీ ఆఫర్లయితే, వాటా వస్తున్నది స్టార్టప్‌లోనా, ఒక్క భవనం కోసం పెట్టిన వేరే కంపెనీలోనా చూసుకోండి.

మధ్యలో అమ్ముకుందామంటే కొనేవాళ్లు దొరకడం కష్టం. ఏళ్ల తరబడి అవసరం పడని డబ్బైతేనే పెట్టండి.